నాయకుని యిల్లాలు: శ్రీమతి సరస్వతీ గోరా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



ఏ గ్రంథాలయమునకు వెళ్లినను జీవిత చరిత్రల బీరువా యొకటి కనబడును. అందులో దేశనాయకుల చరిత్రలు వరుసగా నిలిచి యుండును. ఏదైన నొక సంపుటము తీసి చూచినచో నాయకుని యిల్లాలి ప్రస్తావన సాధారణముగా రెండుచోట్ల తగులును. ఫలానా యేట వివాహమైనదని యొకచోట, ఫలానా యేట ఆమె గతించినదని మఱియొకచోట. ఆ రెండు వాక్యముల నడుమ ముప్పదియేండ్లో నలుబదియేండ్లో కాపురము గడచి యుండును. ఆయన జైలులో నున్నప్పుడు బియ్యపు కుండ యెట్లు నిండినది, వేళగాని వేళ పదిమంది కార్యకర్తలు వచ్చినప్పుడు పొయ్యి వెలిగించినది ఎవరు, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని కూర్చున్నది ఎవరు అను సంగతులు చరిత్రకారునకు పట్టవు. 1914వ సంవత్సరము ఏప్రిలు నెలలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది బెజవాడలోనే. నాటినుండి పల్లెపల్లెకు పుస్తకము చేర్చవలెనని పాటుపడిన కృష్ణామండలమునందును ఈ లోపము తీరలేదు.

అట్టి యిల్లాండ్రలో నొకరిని గూర్చి ఈనాడు చెప్పుకొనుట యుక్తము. ఆమె శ్రీమతి సరస్వతీ గోరా. 1912 సెప్టెంబరు 28న జన్మించిరి. 2006 ఆగస్టు 19న విజయవాడలో కాలధర్మము చెందిరి. ఈ రెండు తేదీల నడుమ నున్నది తొంబదినాలుగేండ్లకు కొంచెము తక్కువయైన జీవితము. ఆమె భర్త గోపరాజు రామచంద్రరావుగారు. పేరులోని మొదటి అక్షరములను కూర్చి గోరా అని పిలిపించుకొనిరి. లోకము ఆ పేరుతోనే ఎఱుగును.

గోరాగారు నాస్తికోద్యమ నాయకులు గదా, రాజకీయ నాయకులనుట యెట్లని కొందఱు సందేహింపవచ్చును. ఆయన స్వాతంత్ర్య సమరమున పాల్గొనిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పార్టీలు లేని ప్రజాస్వామ్యము కావలెననియు, మంత్రులు ప్రజలకు సేవకులు గనుక ఆడంబరము విడిచి సామాన్యులవలె బ్రతుకవలెననియు ప్రచారము చేసిరి. ఈ మాట చెప్పుటకై 1961, 62 సంవత్సరములలో సేవాగ్రామమునుండి ఢిల్లీ వఱకు పదకొండువందల మైళ్లు కాలినడకన వెళ్లిరి. ప్రభుత్వోద్యానములలో పూలమొక్కలకు మాఱుగా కూరగాయలు పెంచుడని 1968లో సత్యాగ్రహము నడపిరి. పదవి యొక్కటియు లేకపోయినను ఇది రాజకీయమే. పదవి గల రాజకీయమున యింటికి కొంత జీతము, కొంత పరపతి వచ్చును. పదవి లేని రాజకీయమున యింటినుండి పోవుటయే గాని వచ్చుట లేదు. ఆ పోయినదానిని ఎవరు భర్తీ చేసిరో చూచినచో సరస్వతిగారి పాత్ర తెలియగలదు.

వివాహము 1922లో జరిగినది. ఆమెకు పదియేండ్లు. వరునకు ఇరువది నిండలేదు. ఆచారము గల బ్రాహ్మణ కుటుంబములలో నాడు జరుగు వివాహము వంటిదే ఇది. వధువును అడిగినవారు లేరు. అందుచేత ఆమెను గూర్చి చెప్పునపుడు మొదట నొక ప్రశ్న ఎదురగును. భర్త ఆస్తికుడైనచో ఆస్తికురాలై, నాస్తికుడైనచో నాస్తికురాలై నడచుట పాతివ్రత్యమే గాని స్వంత బుద్ధి యగునా? మడి కట్టుకొనుమన్న కట్టుకొనుట, విడువుమన్న విడుచుట, రెండును ఆజ్ఞాపాలనమే గదా? ఈ ప్రశ్నను దాటి పోరాదు. దీనికి సమాధానము దొరకనిచో ఆమె జీవితము భర్త జీవితమునకు అనుబంధముగా మాత్రమే మిగులును.

భారతమున గాంధారి కథ కలదు. పెండ్లికొడుకు అంధుడని విని ఆమె తన కన్నులకు పట్టము కట్టుకొనినది. భర్తకు లేని చూపు తనకు వలదనుకొన్నది. పురాణము చెప్పువారు ఇచ్చట ఆగి ఆమెను కొనియాడుదురు. కాని ఆ యింట చూచువారే లేకపోయిరి. నూర్గురు కొడుకులు ఎట్లు పెరిగిరో తరువాతి పర్వములు చెప్పుచున్నవి. సహధర్మచారిణి యగుట వేఱు, కన్నులు కట్టుకొనుట వేఱు. సరస్వతిగారు ఈ రెండింటిలో నెవరు అన్నది వారి కాపురపు తొలి సంవత్సరములలోనే కొంత తేలినది.

గోరాగారు వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టా పొంది మధురలోను, కోయంబత్తూరులోను, పిదప సింహళమున కొలంబో ఆనంద కళాశాలలోను ఉద్యోగము చేసిరి. క్రైస్తవమతము పుచ్చుకొన్నచో అమెరికాకు పంపి పై చదువు చెప్పింతుమన్న మాట మధురలోనే వచ్చినది, ఆయన కాదనిరి. దయ్యములు తిరుగునని పేరుబడిన యింట కాపురముండి ఆ భయము ఉత్తదని చూపవలెనను పట్టుదల ఆయనకు ఆ దినములలోనే ఉండెను. ఇట్టి ప్రయోగములను గూర్చి వినుట ముచ్చటగానే యుండును. కాని ప్రయోగము చేయువాడు ఉదయము కళాశాలకు వెళ్లును. ఆ యింట పగలెల్ల నొంటిగా నుండవలసినది ఇల్లాలు. దయ్యపు కథలు విని పెరిగిన పదునాలుగు, పదునైదేండ్ల బాలికకు అది యెట్లుండునో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉండగా ఉండగా ఏమియు జరుగలేదు. జరుగదని భర్త చెప్పుట యొక తెలివి, జరుగలేదని తాను కనుగొనుట మఱియొక తెలివి. సరస్వతిగారికి నాస్తికత్వము గ్రంథపఠనము వలన వచ్చినది కాదు. ఇట్లు గదిగదిలో, పూటపూటకు వచ్చినది.

గ్రహణమునాటి సంగతి ఇంకను ముఖ్యమైనది. గర్భవతి గ్రహణము చూడరాదని, బయటకు రారాదని, గోరు గిల్లినను గడ్డిపోచ తుంచినను పుట్టు బిడ్డకు అవయవలోపము కలుగునని పల్లెలలో నేటికిని భయపడువారు కలరు. సరస్వతిగారు గర్భవతియై యుండి గ్రహణ సమయమున అందఱు చూచుచుండగా ఆరుబయట తిరిగిరి. బిడ్డ ఏ లోపము లేక పుట్టెను. ఇచ్చట ఆలోచింపవలసిన దొకటి కలదు. ఈ పరీక్షలో గోరాగారు చేయగలిగినది లేదు. ఉపన్యాసమైతే ఆయన ఇయ్యవచ్చును, వ్యాసమైతే ఆయన వ్రాయవచ్చును. కడుపులోని బిడ్డను పణముగా ఒడ్డవలసినది తల్లి. పరీక్ష తప్పినచో లోకము నిందించునది ఆమెను. జీవితాంతము తన్ను తాను నిందించుకొనునదియు ఆమెయే. అట్టి అడుగు పరుల ఆజ్ఞ వలన పడునని నమ్ముట కష్టము.

1928లో గోరాగారు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో ఉపన్యాసకులైరి. అచ్చట యజ్ఞోపవీతము తీసివేసిరి. తండ్రిగారు సహింపలేక యింటినుండి వెళ్లిపొమ్మనిరి, కులమువారు వెలివేసిరి. పసిబిడ్డతో కట్టుబట్టలతో బయటపడిన కోడలికి, కొడుకునకు కలిగిన కష్టము ఒకటి కాదు. కొడుకు తండ్రితో వాదించి వెళ్లును. కోడలు అత్తవారి యింటిని, దానివెంట పుట్టినింటి పేరంటములను, చూలాలికి చేయు వేడుకలను, పురిటికి వచ్చు పెద్దముత్తైదువను ఒక్కసారిగ పోగొట్టుకొనును. వెలి అన్న మాట మగవారికి బంతిభోజనమున తెలియును. ఆడువారికి పురిటిగదిలో తెలియును.

1933లో, నాస్తిక భావములు ప్రకటించినందుకు కాకినాడ కళాశాలవారు ఆయనను తొలగించిరి. పిదప బందరు హిందూ కళాశాలలో చేరిరి. అచ్చటను ఇదే కారణముచేత కొలువు నిలువలేదు. ఇంత చదివినవాడు ఒక్క మాట మార్చుకొన్నచో సుఖముగ బ్రతుకగలడుగదా యని బంధువులు అనుకొనుట సహజము. ఆ మాట భర్తతో అనిపింపవలసినది ఎవరిచేత? భార్యచేత. లోకములో నూటికి తొంబది యిండ్ల అట్లే జరుగును. అది తప్పని చెప్పుటయు న్యాయము కాదు, ఏలయన పిల్లల ఆకలి సిద్ధాంతముల నెఱుగదు. ఈ యింట మాత్రము అట్లు జరుగలేదు.

హరిశ్చంద్రుని కథ అందఱికిని తెలిసినదే. సత్యము హరిశ్చంద్రునిది, కాశీ వీథిలో ముందుగ అమ్ముడుపోయినది చంద్రమతి. పాము కఱచిన కొడుకును చేతులమీద మోసికొని కాటికి వచ్చినదియు ఆమెయే. సత్యహరిశ్చంద్రుడను బిరుదు ఆయనకు వచ్చినది. సత్యచంద్రమతి యని ఎవరును అనలేదు. లెక్కలు వ్రాయువారి భాషలో చెప్పవలెనన్న, జమ యంతయు భర్త పద్దున, ఖర్చంతయు భార్య పద్దున పడినది. గోరా దంపతుల కథలోను మొదటి యిరువదియేండ్ల చిట్టా ఇంచుమించుగ ఇట్లే యున్నది. భేదమెచ్చట వచ్చినదనగా, సరస్వతిగారు ఆ ఖర్చును తన పెట్టుబడిగా మార్చుకొనిరి.

ఆ మార్పు ముదునూరులో స్పష్టమైనది. కృష్ణామండలమున ఉయ్యూరు ప్రాంతమునందలి గ్రామమది; కాలువ నీటి పంటపొలముల నడుమ నున్నది. గాంధేయులైన అన్నే అంజయ్యగారు మొదలైన గ్రామస్థుల ఆదరమున గోరా కుటుంబము 1940లో అచ్చటకు వచ్చినది. ఆగస్టు 10న నాస్తిక కేంద్రము స్థాపితమైనది. కళాశాల ఉపన్యాసకుని భార్య, నాటికే పలువురు బిడ్డల తల్లి, పాక యింటికి వచ్చి చేరిరి. నెలజీతమను మాట ఆనాటితో ముగిసినది.

కేంద్రము అనగానే కార్యాలయము, బల్లలు, రిజిస్టర్లు మనస్సునకు వచ్చును. ముదునూరు కేంద్రము ముఖ్యముగ నొక వంటయిల్లు. వయోజన విద్య చెప్పు కార్యకర్తలు, హరిజనవాడలనుండి వచ్చినవారు, దూరప్రాంతములనుండి చూడవచ్చినవారు, అందఱును ఒక్క పంక్తిని కూర్చుండి తినవలెను. కుల నిర్మూలనమును గూర్చి వేదికమీద మాటలాడినవారు ఆ కాలమున పెక్కుమంది కలరు. సభ ముగిసిన పిదప వారిలో ననేకులు యింటికి వెళ్లి, కాళ్లు కడుగుకొని, మడి వంట తినెడివారు. ఇది పరిహాసమునకు చెప్పుట కాదు. ఆ వంటయింటిపై వారికి అధికారము లేదు. వంటయింటి ధర్మమును మార్చగలవారు వంటయింటివారే. సహపంక్తి భోజనమునకు గోరాగారు పిలుపు నిచ్చినను, ఆకు వేసి అన్నము వడ్డించు చేయి సందేహించినచో ఆ పిలుపు వృథా. కులమన్నది శాస్త్రములలో కంటె కుండలలో, చెంబులలో, గడపలలో నెక్కువగ నిలిచియున్నది. దానిని అచ్చటినుండి తీసివేసిన చేతులు సరస్వతిగారివి.

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యునకు ఇరువురు భార్యలు. మైత్రేయి తత్త్వచర్చ చేయునది, కాత్యాయని యిల్లు నడపునది. ఋషి యింటికైనను ఈ రెండు పనులకు ఇద్దఱు కావలసి వచ్చిరి. ముదునూరులో ఇద్దఱి పనియు నొక్కరే చేసిరి. తొమ్మిదిమంది బిడ్డల తల్లి యని చెప్పినచో పని యెంతయో గ్రహింపవచ్చును. ఆ బిడ్డల పేర్లును వింతవి. ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరమైన 1930లో పుట్టినవాడు లవణము. యుద్ధము మొదలైన 1939లో పుట్టినవాడు సమరము. తొమ్మిదవ బిడ్డకు హిందీభాషలో తొమ్మిది యను అర్థమిచ్చు నౌ అని పేరు. కొండమీది దేవుని పేరో, గ్రామదేవత పేరో పెట్టు ఈ డెల్టా గ్రామములలో ఇట్టి పేర్లతో బిడ్డలను పిలిచినప్పుడు ఇరుగుపొరుగు ముక్కుమీద వ్రేలు వేసికొని యుందురు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము వచ్చినది. కేంద్రములోని కార్యకర్తలు, కుటుంబమువారు అందులో పాల్గొనిరి. సరస్వతిగారు చంటిబిడ్డతో జైలుకు వెళ్లిరి. జైలుకు వెళ్లిన భర్తకు ఎదురుచూచిన భార్యల కథలు అనేకములు కలవు. ఇచ్చట ఇల్లాలే జైలుకు వెళ్లినది.

ఇక ఆమె జీవితమున అన్నిటికంటె గట్టి పరీక్ష పెద్దకుమార్తె మనోరమ వివాహము. దీనిని గూర్చి కొంచెము విపులముగ చెప్పవలెను.

గోరాగారు 1944 నవంబరులో సేవాగ్రామమున గాంధీ మహాత్ముని కలిసికొనిరి. దేవుని నమ్మినవాడును, నమ్మనివాడును అస్పృశ్యతా నిర్మూలనమునకు కలిసి పని చేయవచ్చునని ఇద్దఱికిని తోచినది. కులము పోవలెనన్నచో సహపంక్తి చాలదు, వివాహ సంబంధములు కలియవలెనని గోరా దంపతులు నిశ్చయించి, తమ కుమార్తెను హరిజన యువకుడైన అర్జునరావుగారికి ఇచ్చుటకు సంకల్పించిరి. వధూవరులలో నొకరు హరిజనులు గాని పెండ్లికి తాను రానని గాంధీజీ నాటికి నియమము పెట్టుకొని యుండిరి. ఈ వివాహమును సేవాగ్రామ ఆశ్రమముననే జరిపింతునని ఆయన ఒప్పుకొనిరి. వధువు తలిదండ్రులు నాస్తికులు గనుక, ప్రమాణములో దేవుని పేర అను మాటకు మాఱుగా సత్యము పేర అని చేర్చుటకును సమ్మతించిరి. రామనామము విడువని మహాత్ముడు ఒక బిడ్డ పెండ్లికై ఆ మాటను ప్రక్కన పెట్టుటకు సమ్మతించుట చిన్న విషయము కాదు.

1948 జనవరి 30న గాంధీజీ హతులైరి. వాగ్దానము చేసినవాడే లేడు. పెండ్లి మానుకొనుటకు, కనీసము వాయిదా వేయుటకు ఇంతకంటె మంచి సాకు దొరకదు. బంధువులు ఊపిరి పీల్చుకొని యుందురు. కాని ఆ మార్చి నెలలోనే, సేవాగ్రామముననే, ఠక్కర్ బాపా మున్నగు పెద్దల సమక్షమున ఆ వివాహము జరిగినది.

మన గ్రామములలో కుమార్తె పెండ్లి యనగా తల్లి సమస్తము. తండ్రి సంబంధము కుదుర్చును, కాగితము వ్రాయును, డబ్బు లెక్కించును. పిల్ల ఏ యింట మసలవలెను, ఆ యింటివారు ఎట్టివారు, రేపు పురిటికి ఎవరు చూతురు, చిన్న పిల్లలకు సంబంధములు వచ్చునా అని రాత్రింబవళ్లు తలపోయునది తల్లి. సరస్వతిగారి వెనుక ఇంకను కుమార్తెలు, కుమారులు కలరు. తల్లి అడ్డుపడినచో ఈ పెండ్లిని గోరాగారును, గాంధీజీయును కూడ జరిపింపలేరు. కస్తూరిబాగారి కథ ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. దక్షిణాఫ్రికాలో, పంచములకు పుట్టిన గుమాస్తా వాడిన మూత్రపాత్రను ఎత్తుటకు ఆమె ఏడ్చినదనియు, తాను కోపముతో ఆమెను చేయి పట్టి గుమ్మము వఱకు ఈడ్చితిననియు గాంధీజీ తమ ఆత్మకథలో సిగ్గుపడి వ్రాసికొనిరి. ఆదర్శము భర్తది యైనప్పుడు అది యింటిలో బలాత్కారము కాగలదని ఆ మహాత్ముడే ఒప్పుకొనినాడు. పెద్ద నాయకుల యిండ్లలోను ఇది జరుగును గనుకనే, తన కడుపున పుట్టిన బిడ్డ విషయమున సరస్వతిగారు నిలిచిన తీరునకు విలువ కలదు. ఒక్క కుమార్తెతో అది ఆగలేదు. 1960లో కుమారుడు లవణముగారు, గబ్బిలము వ్రాసిన మహాకవి గుఱ్ఱము జాషువాగారి కుమార్తె హేమలతగారిని వివాహమాడిరి. జాషువాగారి పద్యములను సభలలో శిరసులూచి విని, భోజనమువేళ ఆయనను వేఱుగ కూర్చుండబెట్టినవారు కలరు. ఆ కవి కూతురు ఈ యింటికి కోడలై వచ్చినది.

1947లో కేంద్రము ముదునూరునుండి విజయవాడ పటమటకు మారినది. నాడు పటమట బందరు రోడ్డు ప్రక్క పల్లె. నేడు బెంజి సర్కిలు పేరుతో నగరమునకు నడిబొడ్డు. ఆ తరువాతి పాతికేండ్ల సంగతులు త్వరగా దాటవచ్చును. గోరాగారు పత్రికలు నడపిరి, పాదయాత్రలు చేసిరి, విదేశములు తిరిగిరి. 1969లో వాసవ్య మహిళామండలి ఏర్పడినది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వము అను మూడు మాటల మొదటి అక్షరములు కలిపిన పేరది. 1972లో పటమటలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిగినది. ఇన్ని పనులు జరుగు ఆవరణలో నిత్యము పొయ్యి ఆరకుండ చూచినది ఎవరో తిరిగి చెప్పనక్కఱలేదు.

1975 జూలై 26న విజయవాడలో నొక సభలో మాటలాడుచునే గోరాగారు కన్నుమూసిరి. సరస్వతిగారికి అప్పటికి అఱువదిరెండేండ్లు.

మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానము ఇచ్చటనుండి దొరకును. పదియేట పెండ్లియై, ఏబదిమూడేండ్లు భర్త అడుగుల వెంట నడచిన స్త్రీ, ఆ అడుగులు ఆగిన తరువాత ఏమి చేయును? నమ్మకము ఆయనది మాత్రమే యైనచో ఆయనతో పోవలెను. లోకమునకు వెఱచి విడిచిన ఆచారములకు మరలుటకు వైధవ్యము కంటె అనువైన కాలము లేదు. అట్లు మరలినను ఎవరును తప్పుపట్టరు, పైగా మెచ్చుకొందురు. సరస్వతిగారు మరలలేదు. కేంద్రమునకు పెద్దదిక్కై ముప్పదియొక్క సంవత్సరములు నిలిచిరి. 1940లో కేంద్రము స్థాపితమైనది మొదలు గోరాగారు దానిని నడపినది ముప్పదియైదేండ్లు. ఆయన లేకుండ ఆమె నిలిపినది ముప్పదియొక్కటి. రెండు సంఖ్యలకును పెద్ద భేదము లేదు. ఐనను ఆమెను గూర్చి చెప్పునపుడు గోరాగారి భార్య యనియే మొదలుపెట్టుదురు. ఈ ఉపన్యాసమును అట్లే మొదలైనది.

ఆ ముప్పదియొక్క సంవత్సరములు కూర్చుండి గడిపినవి కావు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కేంద్రమువారు సహాయమునకు దిగిరి. 1980లో రెండవ ప్రపంచ నాస్తిక మహాసభ పటమటలో జరిగినది; ఈసారి గోరాగారు లేరు, గృహిణి మాత్రమే కలదు. నిప్పులమీద నడచుట దైవశక్తి కాదని చూపుటకు కేంద్రమువారు జనుల యెదుట నిప్పులగుండములు తొక్కి చూపిరి. కుమారుడు, కోడలు స్టువర్టుపురమున నేరజాతులని ముద్రపడిన కుటుంబముల నడుమను, నిజామాబాదు ప్రాంతమున జోగినుల నడుమను పని చేసిరి. కుమార్తె చెన్నుపాటి విద్యగారు 1980లోను, 1989లోను విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. పార్టీలే వలదన్న తండ్రికి పార్టీ అభ్యర్థిగా గెలిచిన కుమార్తె! తమ త్రోవకు భిన్నమైన త్రోవను బిడ్డ ఎన్నుకొనగలిగినదనిన, ఆ యింట ఆలోచించుటకు స్వేచ్ఛ యుండెనని అర్థము చేసికొనవచ్చును.

1999లో ఆమెకు జమనాలాల్ బజాజ్ పురస్కారము వచ్చినది. కర్ణాటక ప్రభుత్వమువారు బసవేశ్వరుని పేర ఇచ్చు పురస్కారమునిచ్చి గౌరవించిరి. శివభక్తుడైన బసవని పేరిట నాస్తికురాలికి సన్మానము జరుగుట విచారింపదగిన విశేషము. పండ్రెండవ శతాబ్దమున బ్రాహ్మణ, చర్మకార కుటుంబముల నడుమ పెండ్లి జరిపించినందుకే కల్యాణ నగరము రక్తసిక్తమైనదని బసవని చరిత్ర చెప్పును. ఎనిమిదివందల యేండ్ల పిమ్మట అట్టి పెండ్లినే చేసిన తల్లికి ఆయన పేరు తగినదే.

ఈ సభలో కూర్చున్నవారిలో శనివారమునాడు గుడికి వెళ్లువారు, కార్తికమున దీపము పెట్టువారు అనేకులు కలరు. సరస్వతిగారి నాస్తికత్వముతో వారు ఏకీభవింపవలసిన పనిలేదు. ఆమెయు ఎవరిని నిర్బంధింపలేదు. కాని ఆమె పంక్తి సంగతి వేఱు. దేవుడున్నాడన్నవానికిని, లేడన్నవానికిని ఆకలి యొక్కటే. ఆకును ఎవరి ప్రక్క వేయవలెనన్న ప్రశ్నకు దైవభక్తుడు గూడ ఆమెకు సమాధానము చెప్పవలసి యుండును. ఈ డెల్టాలో ఒకే కాలువ నీటితో ఊరి చేను, వాడ చేను పండుచున్నవి. ఆ పండిన అన్నము తినునప్పుడు మాత్రము వేఱువేఱు గడపలు వచ్చినవి.

కడపట నొక సంగతి. గోరాగారు తమ ఆత్మకథను ఇంగ్లీషున వ్రాసిరి. మేము నాస్తికులమైతిమి అను అర్థము వచ్చు పేరు దానికి పెట్టిరి. నేను అని కాక మేము అని అనుట ఆయన న్యాయబుద్ధికి నిదర్శనము. సరస్వతిగారు తమ జీవితమును తెలుగున గ్రంథముగా వెలువరించిరి. దాని పేరు గోరాతో నా జీవితం. స్వంత కథకును భర్త పేరే ముందు పెట్టిరని నొచ్చుకొనువారు ఉండవచ్చును. పేరును ఇంకొకసారి చదివినచో నా అన్న మాటయు అందులో కలదని తెలియును. ఈ గ్రంథాలయపు జాబితాలో ఆ పుస్తకము ఇంకను చేరలేదు. కార్యదర్శిగారు రాబోవు కొనుగోలు పట్టికలో దానిని వ్రాసికొని, వచ్చిన పిమ్మట స్త్రీల పఠన దినమున బల్లమీద నుంచవలసినదిగా మనవి.